పాడు పెట్టిన ఇంటి తలుపు

రాజాం దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. ముందు టార్పాలిన్ కప్పిన దూలాలు, గోడకు ఆనించిన తలుపులు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కిటికీ చట్రాలు. పాతికేళ్లుగా అదే నా అడితి. నేను కొత్త కలప అమ్మను. పెంకుటిళ్ళు విప్పేచోట దొరికే పాత కర్ర కొంటాను. దూలాన్ని కోయించి భోజనాల బల్ల చేయిస్తాను. స్తంభాలు సముద్రం ఒడ్డు హోటళ్ళకు పోతాయి. గాదె పలకలు పుస్తకాల అరలవుతాయి, కిటికీ చట్రాలు అద్దాలకు చట్రాలవుతాయి. ఏగిస, అంటే వేగి చెట్టు కర్రలో, బల్లకు చాలని ముక్కలు మిగిలితే గ్లాసులు తీయిస్తాను. చక్కెర జబ్బున్నవాళ్ళు అందులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున్న తాగుతారు. ఉపయోగం ఉందో లేదో నాకు తెలియదు. నాకూ ఆ జబ్బు ఉంది, నేనూ తాగేవాణ్ణి.

పాత కర్రను చూడగానే ఎవరికీ విలువ తెలియదు. పైన మసి, జిడ్డు, దశాబ్దాల పసుపు, మేకుల తుప్పు. గోరుతో గీరాలి, సుత్తితో తట్టాలి, తడిగుడ్డతో ఒక మూల తుడవాలి. చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. చేవ ఉన్నది గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. కర్రలో చేవ ఎక్కడుందో కనిపెట్టడం నాకు బాగా తెలుసు. మనిషిలో మెత్తన ఎక్కడుందో కనిపెట్టడం ఇంకా బాగా తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండో విద్య గురించి.

పొందూరుకు దగ్గరలో ఒక వీధి. ఆ వీధిలో చిన్న పెంకుటిల్లు. అందులో ఒక ముసలావిడ, ఆమె కూతురు ఉండేవారు. ఇద్దరూ నూలు వడికేవారు. కూతురికి యాభై దాటాయి. భర్త పోయాక తల్లి దగ్గరికి వచ్చి ఇరవయ్యేళ్ళు అక్కడే ఉండిపోయింది. ముసలావిడ కొడుకుది విశాఖపట్నంలో ఉద్యోగం.

ముసలావిడ పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదని, ఇంటిని ఆరు నెలలు పాడు పెట్టాలని పురోహితుడు చెప్పాడు. పాడు పెట్టడమంటే ఇంటికి తాళం వేసి, గడువు తీరేదాకా ఎవరూ లోపల కాలు పెట్టకుండా, దీపం వెలిగించకుండా వదిలేయడం. అన్నాళ్ళూ ఆ ఇల్లు పోయినవాళ్ళదే. ఆ ఇంట్లో ఇంకో పని కూడా చేశారు. అందరూ చేయరు, వాళ్ళ ఇంటి ఆనవాయితీ. తాళం వేసే ముందు లోపలి గది నుంచి వీధి గుమ్మం దాకా నేల మీద జల్లించిన బూడిద పలచగా చల్లారు. గడువు తీరి తలుపు తెరిచిన రోజున అందులో అడుగులు కనబడితే, ఆ మనిషి ఇంటిని ఇంకా తనదే అనుకుంటోందని అర్థం.

ఆ తలుపును నేను అంతకుముందే చూసి పెట్టుకున్నాను. రెండు రెక్కల ఏగిస తలుపు, నా అరచేయంత మందం. లోపల చెక్క గడియ. అప్పుడే ఎచ్చెర్లలో ఒక లెక్చరరు గారు కొత్త ఇంటికి భోజనాల బల్ల అడిగారు. పాత ఏగిసే కావాలన్నారు, గృహప్రవేశం నాటికి కావాలన్నారు. నేను ముసలావిడ కొడుకుని కలిశాను.

"గడువు తీరనీ అన్నయ్యా," అన్నాడు. "ఇంకా రెండు నెల్లున్నాది. ఎలాగూ ఇల్లు విప్పించీసి స్లాబు ఏద్దామనుకుంటన్నాను. అప్పుడు కర్రంతా నువ్వే పట్టుకెళ్ళు."

"అప్పటిదాకా ఉంటాదేటి? మట్టిగోడలోంచి చెద ఎక్కుతన్నాది. నాను కళ్ళారా సూసినాను."

చెద లేదు. అతను నా ముఖంలోకి చూశాడు. అతనిలో మెత్తన ఎక్కడుందో నాకప్పుడే దొరికింది. తల్లి ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి కూడా రానివాడు, అందుకే ఇంటి విషయంలో గట్టిగా మాట్లాడలేడు.

"అప్పకేటి సెప్పీది?"

"బాగుకి పంపినానని సెప్పు. తలుపు వీధిలో ఉన్న వస్తువు. లోపలికి ఎవులెల్తారు?"

డబ్బు తీసుకుని తాళం చెవి ఇచ్చాడు. ఆ అక్కకు ఆ ఇల్లు తప్ప వేరే నీడ లేదని, పక్కింటివాళ్ళ పశువుల శాలకు ఆనించిన చాపురులో, ఆ వాలుపాకలో, రోజులు లెక్కపెట్టుకుంటోందని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే మానేసేవాణ్ణా? మానేసేవాణ్ణనే రాద్దామని ఉంది. రాయలేను.

మా వడ్రంగిని నేను మావా అంటాను. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరం బండి వేసుకుని వెళ్ళాం. కూతురు ఖాదీ సంఘానికి నూలు ఇవ్వడానికి వెళ్ళే రోజు అది, కనుక్కునే వెళ్ళాను. వీధిలో ఎండ తప్ప ఎవరూ లేరు.

పాత తలుపులకు బందులు ఉండవు. రెక్కకే పైనా కిందా మొలలు చెక్కి ఉంటాయి. అవి గడపలోనూ పై చట్రంలోనూ ఉన్న గుంటల్లో తిరుగుతాయి. విప్పాలంటే లోపలివైపు నిలబడి రెక్కను పైకెత్తాలి. నేను తాళం తీశాను. మావ గడప బయటే ఆగిపోయాడు.

"నాను రాను అల్లుడూ. కావలిస్తే నా సుత్తి వస్తానంటాది, పట్టుకెళ్ళు."

"భయమేటి మావా?"

"భయం కాదొరే. పిలవని ఇంటికి ఎల్తామేటి?"

నవ్వి లోపలికి అడుగు వేశాను. బూడిద సంగతి నాకు అప్పటికి తెలియదు. చెప్పుల కింద ఏదో మెత్తగా అణిగింది. నాలుగు మాసాలు మూసిన ఇల్లు కదా, చల్లగా ఉంటుందనుకున్నాను. కాని అప్పుడే ఎవరో పొయ్యి ఆర్పి లేచినంత వెచ్చగా ఉంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక లోపలి గది గుమ్మం, అందులో రాట్నం చక్రం అంచు కనిపించాయి. కిటికీ గూట్లో ఏదో తెల్లగా పళ్ళు ఇకిలించినట్టుంది. పత్తి ఏకడానికి వాడే చేప దవడ అది. చూసి గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ నేను ఊపిరి తీయలేదు.

ముందు గదిలో నాలుగడుగులు వేశాను, వెనక్కి తిరిగాను, రెక్కలు ఎత్తాను. లోపలి గదిలోకి వెళ్ళలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

తలుపుతో పాటు ద్వారబంధం, గడప కూడా వచ్చేశాయి. మట్టిగోడ తేలిగ్గా వదిలేసింది. ఆ ఖాళీకి రేకు అడ్డం పెట్టి చుట్టూ మేకులు కొట్టాను. వస్తూ వస్తూ గడియ కూడా తెచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డులో భోజనం చేస్తున్నాం. తలుపు రెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. గడియ వేరే మూలన చిల్లర కర్రల్లో ఉంది. రెక్కల వైపు నుంచి చప్పుడు వచ్చింది. కర్ర మీద కర్ర జారి ఆగినట్టు. ఎవరో లోపల గడియ తీసినట్టు.

మావ నమలడం ఆపాడు.

"ఏటది?" అన్నాను.

"ఇల్లు మారిన కర్ర కదా. ఎండకి సర్దుకుంటాది," అన్నాడు. కాని తన క్యారేజీ తీసుకుని వేపచెట్టు కిందకు వెళ్ళిపోయాడు.

ఎండిన కర్ర చప్పుడు చేస్తుంది, నాకు తెలియనిది కాదు. అది చిట్లినట్టు ఉంటుంది, ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. ఇది రోజూ ఒకే వేళకు వచ్చేది. నేను రేడియో పెట్టుకోవడం మొదలుపెట్టాను.

వారంలో ఆ రెక్కలు బల్ల అయ్యాయి. చిత్రిక పట్టేటప్పుడు పైన పసుపు పొర పెచ్చులు పెచ్చులుగా లేచింది. దాని కింద ఎరుపు కలిసిన బంగారు రంగు. లెక్చరరు గారు చేత్తో నిమిరి, ఇంత మంచి కర్ర ఎక్కడ దొరికిందని అడిగారు. చాలా పాత ఇల్లండీ అన్నాను. మిగిలిన ముక్కలో మావ నాకొక గ్లాసు తీసిచ్చాడు. గడపను మాత్రం కోయనన్నాడు. దాని మధ్యలో కాళ్ళు తొక్కి తొక్కి లోతుపడిన చోట ఒక చిన్న పళ్ళెం పడుతుంది. అది షెడ్డులో అలాగే ఉండిపోయింది. నేను దాని మీద కూర్చుని టిఫిను తినేవాణ్ణి.

ఆరో నెల చివర ఒక ఉదయం అలా కూర్చుని ఇడ్లీ తింటున్నాను. ఒకావిడ ఆటో దిగి నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంది. వేళ్ళకు నూలు దూది అంటుకుని ఉంది.

"గడప మీద కూకుని తింటన్నావేటి? లెగు."

లేచాను. ఆమె వంగి, కొంగుతో గడపను తుడిచింది. వేలితో ఆ గుంటను తడిమింది. ఎవరో చెప్పకుండానే తెలిసిపోయింది.

"తలుపు బాగయినాదేటి? సెద పట్టిందన్నాడు తమ్ముడు. నాకైతే ఎన్నడూ కనపడలేదు."

"మెరుగుకి పంపినాను," అన్నాను. నోటిలో ఇడ్లీ ఇంకా ఉంది.

"శుక్రవారం ఇల్లు తెరుస్తాం. అప్పటికి తే."

"తలుపు రాదమ్మా. ద్వారబంధం, గడప తెచ్చి నిలబెడతాను."

ఆమె గడప పక్కనే కూర్చుంది. తర్వాత బూడిద సంగతి చెప్పింది. ఇంటికి తాళం వేసేటప్పుడు తమ్ముడు మాట ఇచ్చాడట. అమ్మ అడుగు కనబడితే ఇల్లు ముట్టుకోను, కనబడకపోతే విప్పించేస్తాను అని.

"నవ్వుతూనే అన్నాడు. నాను నవ్వలేదు. అమ్మ వస్తాది. రాకపోతే నాను ఎక్కడికెల్లాలి అన్నయ్యా? ఆ శాలలో ఆవు కూడా నన్ను సూసి జరగమంటాది."

ఆ మాటకు తనే నవ్వింది. నా చెప్పుల కింద మెత్తగా అణిగిందేమిటో అప్పుడు తెలిసింది.

శుక్రవారం పొద్దున్నే నేనూ మావా వెళ్ళి, రేకు కదపకుండా బయటి నుంచే ద్వారబంధం నిలబెట్టాం, గడప పరిచాం. వీధిలో ఆడవాళ్ళు గుమిగూడారు. తమ్ముడు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అక్క గడపకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతిలో దీపంతో సిద్ధంగా ఉంది. మేకులు పీకి రేకు పక్కకు తీశాను. ఎండ లోపలికి పడింది.

బూడిదలో అడుగులు. గుమ్మం దగ్గర మొదలై నాలుగు లోపలికి, నాలుగు బయటికి. రేకు సందుల్లోంచి వచ్చిన గాలికి అంచులు చెదిరి, ఏ కాలో తెలియకుండా పొడుగ్గా అండాకారంలో ఉన్నాయి.

"వచ్చినాది! ముసిల్ది వచ్చినాది సూడండే!"

"ఓలమ్మో, వీధిలోకి కూడా వచ్చినాదే!"

ఒకావిడ నేల మీద సాష్టాంగపడింది. తమ్ముడు నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. ఆ అడుగులు ఎవరివో ఆ వీధిలో మా ముగ్గురికే తెలుసు. మావ తల వంచుకుని సుత్తి పిడి గోకుతున్నాడు. తమ్ముడు నోరు విప్పితే పాడు తీరకుండా తల్లి తలుపు అమ్ముకున్నవాడవుతాడు. నేను నోరు విప్పితే ఆమె ఇల్లు పోతుంది. అలా అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఇల్లు గురించి ఆలోచన తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, ఆ ఆడవాళ్ళంతా నా వైపు తిరుగుతారన్న భయం.

"సరే అప్పా," అన్నాడు తమ్ముడు. "ఇల్లు నీదే. నాను ముట్టుకోను."

ఆమె దీపం పట్టుకుని గడప దాటి, గోడ వారగా నడిచింది. ఆ అడుగుల దగ్గర ఒక్క క్షణం వంగి చూసింది. లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చాక ముఖం పాలిపోయి ఉంది. ఒక గంప తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. నేను ఆగలేదు. మావను బండెక్కించుకుని వచ్చేశాను.

దారిలో మావ ఒక్క మాట అన్నాడు. "నీ సెప్పులకి టైరు అట్టలు కదా అల్లుడూ. గీతలు పడతాయి."

నెల రోజులు ఆ మాట నాతోనే ఉంది. షెడ్డులో ఇక తలుపు లేదు. అయినా మధ్యాహ్నం ఆ వేళకు నా చెవి దానంతట అదే అటు తిరిగేది. కొన్నిసార్లు చప్పుడు వినిపించేది, కొన్నిసార్లు లేదు. వినిపించని రోజే ఎక్కువ భయం వేసేది. రాత్రి గ్లాసులో పోసిన నీళ్ళు పొద్దునకు గోధుమ రంగులోకి దిగి, మీద సన్నటి నీలం మెరుపు తేలేది. ఏగిస నీళ్ళు అలాగే ఉంటాయి. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. కాని అది ఆవిడ తలుపు. ప్రతి శుక్రవారం ఆవిడ చేయి దాని మీద పసుపు రాసింది. నేను దాన్ని తాగుతున్నాను. ఒక పొద్దున్న గ్లాసు నోటిదాకా తెచ్చి దించేశాను. నీళ్ళు పారబోసి, తుడిచి, సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

ఆమె ముందు గదిలో రాట్నం దగ్గర ఉంది. గుమ్మానికి తలుపు లేదు. తను వడికిన నూలుతో నేసిన తెల్లటి గుడ్డ వేలాడుతోంది. నేను గడప బయటే నిలబడ్డాను.

"ఆ అడుగులు నావమ్మా," అన్నాను. అంతకుముందు దారంతా కూర్చిపెట్టుకున్న మాటలేవీ రాలేదు. "మీ అమ్మవి కావు. సెద లేదు. తలుపు మెరుగుకి పంపలేదు. కోసీసి బల్ల సేయించినాను. మీ తమ్ముణ్ణి మాటల్తో పడగొట్టింది నానే."

చక్రం ఆగలేదు. పోగు తెగకుండా చివరిదాకా లాగి, అప్పుడు నా వైపు చూసింది.

"తెలుసు."

"ఎప్పుడు?"

"దీపం వంచి సూసినప్పుడే. మా అమ్మ జన్మలో సెప్పులేసుకోలేదు. టైరు గీతలేసుకుని వస్తాదేటి, దొంగ సచ్చినోడా!"

"మరి ఎందుకు సెప్పలేదు?"

"నువ్వెందుకు సెప్పలేదో అందుకే. ఇల్లు కావాలి నాకు." పోగు కదురుకు చుడుతూ అడిగింది, "ఆ బల్ల మీద ఎవులు తింటన్నారు?"

"ఎచ్చెర్లలో ఒక మాస్టారు. పిల్లలు ముగ్గురు."

"తిననీ. తెచ్చి ఇస్తానంటావేమో, ముక్కలు నాకెందుకు? వేరే తలుపు మాత్రం తేకు. నీ సేతి తలుపు ఈ ఇంటికొద్దు."

నేను తల ఊపాను. వెళ్ళిపోదామని తిరిగాను.

"ఆగు. సెప్పులిప్పి లోపలికి రా. ఒకటి సూపిస్తాను."

చెప్పులు విప్పి, చేతిలో పట్టుకుని, గడప దాటాను. ముందు గది అలికి ఉంది. లోపలి గదిలో అంతకుముందు రాట్నం ఉన్న మూల మాత్రం అలకలేదు. అక్కడ గంప బోర్లించి ఉంది. ఆమె గంప ఎత్తింది. కింద బూడిద అలాగే ఉంది. అందులో రెండు పాదాలు. చెప్పులు లేనివి. చిన్నవి, మడమ వెడల్పుగా, వేళ్ళు గోడ వైపు తిరిగి, రాట్నం ముందు కూర్చునేవాళ్ళు నిలబడే చోట. ఎడమ కాలి చివరి వేలు నేలకు ఆనలేదు. వాటి దగ్గరికి వచ్చిన అడుగులు లేవు, వెళ్ళిన అడుగులు లేవు.

"నువ్వు ఈ గదిలోకి వచ్చినావేటి?"

"లేదు."

"మీ వడ్రంగి?"

"గడపే దాటలేదు." నా గొంతు నాకే దూరంగా వినిపించింది. "పక్కింటి పిల్లలెవరైనా..."

"పిల్లకి ఇంత మడమ ఉంటాదేటి? అమ్మకే ఆ సివరి వేలు నేలకానదు. పెరటి తలుపు లోపల గడియేసి అలాగే ఉన్నాది. వీధి గుమ్మానికి మేకులు కొట్టింది నువ్వే."

రేకును ఎవరైనా కదిపి మళ్ళీ పెట్టారేమో. ఆ పాదాలు ఆమే వేసిందేమో. ఇవన్నీ నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె ముఖం చూసినవాణ్ణి కాబట్టి చివరిది నమ్మలేను. మిగతావి నమ్ముదామని చూస్తూనే ఉన్నాను.

"మరి ఇది అందరికీ సూపించలేదేం?"

"ఊరంతా తమాషాకి వస్తాది. మా అమ్మకి జనం పడరు." గంప మళ్ళీ బోర్లించింది.

నేను సంచిలోంచి గ్లాసు తీసి ఇచ్చాను. ఎక్కడిదో చెప్పాను. ఆమె వాసన చూసి, బిందెలో ముంచి, నీళ్ళతో తెచ్చి గడప మీద ఆ గుంటలో పెట్టింది. గ్లాసు అందులో సరిగ్గా కూర్చుంది.

అప్పుడు, షెడ్డులో వినిపించే ఆ మధ్యాహ్నం వేళకే, చప్పుడు వచ్చింది. తలుపు లేని ఆ ద్వారబంధం వైపు నుంచి. కర్ర మీద కర్ర జారి ఆగింది. గుడ్డ కదలలేదు. ఆ గడియ నా షెడ్డులో, చిల్లర కర్రల్లో ఉంది.

ఆమె ఉలికిపడలేదు.

"నూలు ఇచ్చీసి వచ్చీసరికి ఈ టైమయ్యీది నాకు. ఎండలో నిలబడతానని అమ్మ ముందే గడియ తీసీసి ఉంచీది," అంది. తర్వాత నాతో కాదు, లోపలి గది వైపు తిరిగి, మామూలు గొంతుతో అంది: "వస్తన్నానే."

కంచాలు పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఎన్ని పెట్టుకుందో నేను చూడలేదు. గుడ్డ తప్పించి, గ్లాసు తగలకుండా గడప దాటి, వీధిలోకి వచ్చాను. వెనక్కి తిరక్కుండా నడిచాను. బండి దగ్గరికి వచ్చి తాళం తీయబోతే చేయి ఖాళీగా లేదు. ఎండకు మాడిన రోడ్డు మీద అంతదూరం వట్టికాళ్ళతో నడిచానని, చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయని అప్పుడు గాని తెలియలేదు.